బరంపురం పట్టు పరికిణీ: మొదటి ఉతుకులో చెడినదాన్ని విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ కుట్టిన విధం

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో పాత పట్టుబట్టల మరమ్మతు, కుట్టుపని నా వృత్తి. ఇక్కడ చాలా ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది ఒడియా. పెళ్ళి పట్టుచీర అనగానే మాత్రం ఏ ఇంట్లోనైనా ముందుగా వినిపించే పేరు బరంపురం. నా దగ్గరకు వచ్చే పాత చీరల్లో ఎక్కువ భాగం అక్కడ నేసినవే. వాటిని చీరగా కట్టుకునేవారు తగ్గి, మనవరాళ్ళకు పరికిణీలుగానూ జాకెట్లుగానూ కుట్టించేవారు పెరిగారు. నాయనమ్మ చీర పెట్టెలో మడతల దగ్గర చీలిపోవడం కంటే పిల్ల ఒంటిమీద ఉండటమే మేలని నేనూ నమ్ముతాను. అయితే అలా కుట్టిన బట్టలు మొదటి ఉతుకులోనే పాడై నా బల్ల మీదికి వస్తున్నాయి. అటువంటి ఒక పరికిణీని పరీక్షించిన క్రమాన్ని, విప్పి శుభ్రం చేసి తిరిగి కుట్టిన పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఉతికినప్పుడు బయటపడిన నష్టాల్లో చాలావాటికి కారణం కుట్టిన రోజునే ఏర్పడిందని ఈ పరికిణీ స్పష్టంగా చూపించింది గనుక దీన్నే ఎంచుకున్నాను.

వచ్చినప్పటి స్థితి

పరికిణీ తెచ్చినవారు ఉద్యోగ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయిని. చీర వారి అత్తగారిది. పసుపు రంగు నేత, ముదురు ఎరుపు అంచు, అంచు పైభాగాన గోపురాల వరుసలా సాగే కుంభ పని, అంచులో సన్నటి జరీ. మనవరాలి ఓణీల వేడుకకు దాన్ని పరికిణీగా కుట్టించారు. వేడుక ముగిశాక ఉతికినవారు నిర్లక్ష్యం చేయలేదు. మిగతా బట్టల్లో కలపకుండా విడిగా బకెట్లో సబ్బు పొడి కలిపి, రంగు కారకుండా ఉంటుందని గుప్పెడు కల్లుప్పు వేసి, రాత్రంతా నానబెట్టి, పొద్దున పిండి, మేడమీద ఎండలో నడుం పట్టీ దగ్గర క్లిప్పులు పెట్టి ఆరవేశారు. "రంగు కారింది, పొట్టిదయింది, చినిగింది కూడాను. ఒక్క ఉతుకుకే ఇన్నీ ఎలా అయ్యాయి తల్లీ?" అని ఆవిడ అడిగారు. ఆ ప్రశ్నకు సరైన సమాధానం దొరికితేగాని మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

తెల్లని దుప్పటి పరిచి పరికిణీని దానిమీద విప్పదీసి చూశాను. లోపలి ఎర్రటి నూలు లైనింగు కురచబడి, దాన్ని పట్టుతో కలిపి కింది అంచు దగ్గర మిషను కుట్టు వేసి ఉండటం వల్ల, పైనున్న పట్టు సంచిలా ఉబ్బి లోపలికి మడతపడింది. పసుపు నేతలో గులాబీ రంగు మరకలు మబ్బుల్లా పరుచుకున్నాయి. కుడి పక్క కుట్టు జానెడు మేర తెరుచుకుంది. కుంభాల వరుస వెంట, ఒడలి నేత (చీర మధ్య భాగం) ఎర్ర అంచుతో కలిసే గీత మీద, అక్కడక్కడ చీలికలు ఉన్నాయి. బట్ట చేతికి అట్టలా గరుకుగా తగిలింది, జరీ మసకబారింది.

వీటితో పాటు నడుం భాగంలో తుప్పు రంగు గీత ఒకటి కనిపించింది. అది ఈ ఉతుకుది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా జిల్లా అంతా నీటిలో నానింది. ఆ ఇంటి పైకప్పు కారి, చీర ఉన్న ఇనప పెట్టె తడిసిందని, వారం తరువాతగాని పెట్టె తెరవలేదని ఆవిడ చెప్పారు. ఇనుము తుప్పు పట్టుకు రంగును మాత్రమే అంటించి ఊరుకోదు, ఆ చోట దారాన్ని క్రమంగా పెళుసుగా మారుస్తుంది. అందుచేత ఆ గీత ఉన్న భాగానికి ఏ బరువూ పడకూడదని అప్పుడే గుర్తు పెట్టుకున్నాను.

కారణాల వెతుకులాట

పక్క కుట్టు తెరుచుకున్న చోట భూతద్దం పెట్టి చూస్తే మొదటి విషయం తేలింది. కుట్టుదారం తెగలేదు. మిషను కుట్టు చెక్కుచెదరకుండా అలాగే ఉంది, పట్టు మాత్రం దానినుంచి జారి విడిపోయింది. దారం చివర ఒకటి తీసి మంటకు చూపితే కరిగి గట్టి నల్లపూసగా మారింది, కాబట్టి అది పాలిస్టరు. పట్టు పోగు మంటలో వెంట్రుక కాలిన వాసన వేసి, వేళ్ళ మధ్య నలిపితే పొడిగా రాలింది. లైనింగు పోగు కాగితంలా మండి బూడిద మిగిల్చింది, కాబట్టి అది నూలే. వయసు మళ్ళిన పట్టును తెగని పాలిస్టరు దారంతో కుడితే లాగుడు వచ్చినప్పుడు ఓడిపోయేది పట్టే. దారం తెగితే మళ్ళీ కుట్టుకోవచ్చు, గుడ్డ తెగితే అతకడమే గతి. పైగా సూది రంధ్రాలు మామూలు నూలు గుడ్డలకు వాడే లావు సూదివి. రంధ్రం రంధ్రం దగ్గరా ఒకటో రెండో పోగులు తెగి నూగులా నిలబడి ఉన్నాయి. కుట్టు పక్కన వదిలిన గుడ్డ పావు అంగుళం కూడా లేదు.

ఇక్కడ పరికిణీల గురించి ఒక మాట చెప్పాలి. చీరలో పడుగు, అంటే మగ్గం మీద ముందుగా బిగించే పోగులు, పొడవునా నడుస్తుంది, అంచు కూడా పొడవునా ఉంటుంది. పడుగుకు అడ్డంగా నేసే పోగులు పేక. అదే చీరను పరికిణీగా కుట్టినప్పుడు అంచు కిందికి రావాలి గనుక పడుగు నడుం చుట్టూ అడ్డంగా తిరుగుతుంది, పేక పైనుంచి కిందికి వేలాడుతుంది. అంటే పరికిణీ బరువంతా పేక పోగులే మోస్తాయి. పక్క కుట్టు పేకకు సమాంతరంగా పడుతుంది. పిల్ల కూర్చున్నప్పుడు, పరుగెత్తినప్పుడు అడ్డంగా లాగుడు వస్తే, ఆ కుట్టు లోపలున్న నాలుగైదు పేక పోగులు నున్నటి పడుగు మీద జారి బయటికి వచ్చేస్తాయి. పావు అంగుళం మార్జిను అందుకు చాలదు. చీరగా ఉన్నన్నాళ్ళూ ఈ సమస్య రాదు, ఎందుకంటే చీరకు కుట్టే లేదు.

అంచు గీత మీది చీలికలకు కారణం ఇంకా ఆసక్తికరమైనది. ఈ చీర అంచును ఒడలితో కలిపి ఒకే నాడెతో (పేక దారాన్ని పడుగులో అటూ ఇటూ తీసుకెళ్ళే పనిముట్టు) నేయలేదు. ఒడలి పేక ఒక నాడెది, అంచు పేక మరొక నాడెది. రెండూ కలిసే చోట ఒకదానిలో ఒకటి కొక్కెంలా పడి తిరుగుతాయి. మన నేతవారు కుప్పడం అనే పద్ధతి ఇదే. పసుపు నేతలోకి ఎరుపు రవ్వంత కూడా పోకుండా, ఎరుపులోకి పసుపు రాకుండా అంచు అంత నిండుగా కనిపించేది ఈ అల్లిక వల్లనే. పరికిణీలో జరీ అంచు బరువంతా ఈ కొక్కేల మీద వేలాడుతుంది. దానికి లైనింగును కూడా అంచు దగ్గరే కలిపి కుట్టారు. రాత్రంతా నానిన నూలు లైనింగు నీళ్ళు పీల్చి బరువెక్కింది. తడిసిన నూలు గట్టిపడుతుంది, తడిసిన పట్టు మాత్రం బలం కొంత కోల్పోతుంది. అటువంటి తడి పరికిణీని నడుం దగ్గర క్లిప్పులు పెట్టి వేలాడదీస్తే, బలం తగ్గిన ఆ కొక్కేల వరుస మీద అంతటి బరువూ ఒక్కసారి పడింది. దానికి తోడు లైనింగు ఆరుతూ కురచబడి అంచును పైకి లాగింది. కుప్పడం గీత తెగకుండా ఉంటేనే ఆశ్చర్యపడాలి.

రంగు సంగతి తెలుసుకోవడానికి తెల్లని నూలు గుడ్డ ముక్కను తడిపి చీర ఎర్ర అంచు మీద, ఆ తరువాత మరొక ముక్కను లైనింగు మీద కొంతసేపు అదిమి ఉంచాను. అంచు మీద పెట్టిన గుడ్డ తెల్లగానే వచ్చింది. లైనింగు మీదిది గులాబీ రంగైంది. ఇన్నేళ్ళ నాటి చీర రంగు స్థిరంగానే ఉంది, రంగు వదిలినది కొత్త లైనింగు. "బరంపురం చీర రంగు కారింది" అని ఇంట్లో అందరూ అనుకుంటున్న మాట ఆ నేతకు అన్యాయమే.

గరుకుదనానికి కారణం కోసం, ప్రయోగశాలల్లో వాడే రంగు మారే కాగితపు పట్టీని బ్యాటరీలకు పోసే శుద్ధజలంతో తడిపిన చోట అద్దాను. ఆ పట్టీ కొలతలో 7 అంటే ఆమ్లమూ క్షారమూ కానిది, అంతకు మించితే క్షారం. అది క్షారం వైపు, 9 దగ్గర రంగు చూపింది. బట్టల సబ్బు పొడులు నీళ్ళలో సాధారణంగా 10 ప్రాంతంలో ఉంటాయి. నూలుకు అది ఇబ్బంది కాదు. పట్టు మాత్రం వెంట్రుకలాగా ఉన్నిలాగా ప్రోటీను, దానికి క్షారం పడదు. మరకల కోసం ఎంజైములు కలిపిన పొడులైతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే రక్తం, పాలు వంటి ప్రోటీను మరకలను కొరికి తీసే ఎంజైముకు మరక ఏదో పట్టు ఏదో తెలియదు. వేసిన ఉప్పు కూడా సరిగ్గా జాడించకపోవడంతో గుడ్డలోనే ఉండిపోయింది. ఉప్పు నీటిలో నానబెడితే రంగు పట్టుకుంటుందనే నమ్మకం మన ఇళ్ళలో బాగా పాతుకుపోయింది. నూలుకు అద్దకం వేసేటప్పుడు ఉప్పు రంగును పోగువైపు తోస్తుంది నిజమే, కానీ అద్దకం సరిగా నిలవని గుడ్డకు ఇంట్లో ఉప్పు వేసి ఆ లోపం పూడ్చలేము. పట్టులో మిగిలిన ఉప్పు మాత్రం కాలక్రమేణా పోగును బలహీనపరుస్తుంది. చంకల దగ్గర పట్టు జాకెట్లు ముందుగా చివికిపోవడానికి చెమటలోని ఉప్పు ఒక కారణం.

జరీ పోగు ఒకటి విప్పి చూస్తే, ఎర్రదారం చుట్టూ చుట్టిన లోహపు రేకు మీద వెండి పూత అరిగిన చోట రాగి ఎరుపు బయటపడింది. ఇటువంటి జరీని నిమ్మరసం, చింతపండు, పళ్ళపొడి వంటి వాటితో మెరిపించే ప్రయత్నం చేస్తే మిగిలిన పూత కూడా పోతుంది. అందువల్ల జరీ మసకను అలాగే ఉంచుతానని ఆవిడకు ముందే చెప్పాను.

విప్పడం, శుభ్రం చేయడం

పరికిణీని తడపక ముందే పూర్తిగా విప్పాలని నిర్ణయించాను. మిషను కుట్టును లాగి విప్పితే పాత పట్టు కూడా చినుగుతుంది. లోపలివైపు నుంచి మూడు నాలుగు కుట్లకొకటి చొప్పున సన్న కత్తెర మొనతో తెంపి, పైవైపు దారాన్ని మెల్లగా ఎత్తితే మొత్తం దారం గుడ్డకు ఏ లాగుడూ లేకుండా వచ్చేస్తుంది. కుచ్చిళ్ళు ఎక్కడ పడ్డాయో, ఏ కొస ఎటువైపుదో తెల్లదారంతో గుర్తు కుట్లు వేసుకున్నాను. పెన్ను గుర్తులు, సుద్ద గుర్తులు పాత పట్టు మీద నేను వేయను. లైనింగును, నడుం పట్టీని పక్కన పెట్టేశాను.

పట్టును దోమతెర గుడ్డ మీద పరిచి, పైన మరొక దోమతెర కప్పి, చుట్టూ పెద్ద పెద్ద టాకాలు వేసి పట్టి ఉంచాను. తడిసిన పట్టును చేత్తో ఎత్తకూడదు, తెరతో ఎత్తాలి. వెడల్పు తొట్టిలో మూడు వేళ్ళ లోతు నీళ్ళు పోశాను. మా బోరు నీరు ఉప్పగా ఉంటుంది గనుక వడపోత యంత్రం నీటినే వాడాను. ముందు సబ్బు లేకుండా నీళ్ళు మార్చి మార్చి నానబెట్టాను. నానడమంటే రాత్రంతా కాదు, నీళ్ళలో గులాబీ రంగు కనిపించగానే పారబోసి కొత్త నీళ్ళు పోయడం. మురికి వదిలించడానికి చాలామంది కుంకుడుకాయ మంచిదంటారు. ముదురు రంగు పట్టుకు నేనూ అదే వాడతాను. కానీ కుంకుడు పులుసుకు గోధుమరంగు ఉంటుంది, ఎంత వడకట్టినా లేత రంగు పట్టుకు కొంత ఛాయ పడుతుంది. ఈ పసుపు లేత పసుపు గనుక క్షారం లేని, ఎంజైములు లేని ద్రవ సబ్బును నీళ్ళలో చాలా పలచగా కలిపి వాడాను. రుద్దలేదు, అరచేతితో తెర మీద అదిమి వదలడమే.

గులాబీ మరకలు చాలావరకు పలచబడ్డాయి, పూర్తిగా పోలేదు. నూలుకు వేసే ఆ రకం రంగులు పట్టును కూడా కొంత పట్టుకుంటాయి. రంగు తీసే మందులు వాడమని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. వాటికి లైనింగు రంగు ఏదో, నేతవారు వేసిన పసుపు ఏదో తెలియదు, రెండింటినీ తీసేస్తాయి. క్లోరిన్ బ్లీచింగు అయితే పట్టునే కరిగిస్తుంది. మరక మిగిలితే కుచ్చిళ్ళ లోపలికి మళ్ళించవచ్చు, బట్ట పోతే మళ్ళించడానికి ఏమీ ఉండదు. తుప్పు గీతకు కూడా ఇదే కారణంగా మందు పెట్టలేదు.

కాగితపు పట్టీ 7 దగ్గరకు వచ్చేదాకా జాడించాను. క్షారం విరగడానికి చివరి నీళ్ళలో కొద్దిగా వెనిగరు కలపడం వాడుకలో ఉంది. జరీ లేని పట్టుకు నేను కూడా కలుపుతాను. ఈ అంచులో రాగి బయటపడిన జరీ ఉంది గనుక వెనిగరు వాడకుండా మంచి నీళ్ళతోనే ముగించాను. తరువాత తెరతో పాటు ఎత్తి, పాత నూలు తువ్వాళ్ళ మధ్య పరిచి, నీడలో ఫ్యాను గాలికి ఆరనిచ్చాను. ఎండ పట్టును పసుపు వన్నెకు తిప్పి పెళుసు చేస్తుంది. ఆరిన పట్టు చేతికి మళ్ళీ మెత్తగా, జారుగా తగిలింది. దాన్ని తాకి చూసిన ఆవిడ అత్తగారి చీర చెంగు పట్టుకున్నట్టు ఉందన్నారు.

చీలికల మరమ్మతు

కుప్పడం చీలికలకు మామూలు రఫ్ఫు పనికిరాదు. రఫ్ఫు చేసేటప్పుడు పక్కనున్న ఆరోగ్యకరమైన పోగుల్లోకి సూదిని దూర్చి బిగువుగా లాగాలి. ఇక్కడ పక్క పోగులకు ఆ బిగువు భరించే శక్తి లేదు. చీలిక వెనక పలుచటి పట్టు ముక్కను, ఎరుపువైపు ఎరుపుగా పసుపువైపు పసుపుగా ఉండేలా రెండు ముక్కలు కలిపి, చీలికకు రెండు వైపులా అంగుళం మించేలా ఆనించాను. చీలిక అంచులను దగ్గరికి జరిపి, పైన ఒక పొడుగు పోగును పరిచి, దాన్ని చిన్న చిన్న అడ్డకుట్లతో కింది ముక్కకు పట్టించుకుంటూ వెళ్ళాను. లాగుడు అంతా కొత్త ముక్క మీద పడుతుంది, పాత నేత దానిమీద విశ్రాంతిగా పడుకుంటుంది.

ఈ పనికి దారం బయట కొనలేదు. కుచ్చిళ్ళ కోసం వదిలిన కొసల్లో మిగిలిన గుడ్డ నుంచి పేక పోగులు ఒక్కొక్కటే లాగి, వాటినే సూదికెక్కించాను. అదే వయసు, అదే రంగు, అదే లావు గల పోగు బజారులో ఎక్కడ దొరుకుతుంది? అటువంటి పోగు రెండు మూడు అంగుళాల పొడవుకే తెగుతుంది, మాటిమాటికీ సూదికెక్కించాలి, కంటికి శ్రమ. అయినా పూర్తయ్యాక చీలిక ఎక్కడుందో వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తేగాని తెలియలేదు. చీర నుంచి ఏదైనా కుట్టేటప్పుడు మిగిలిన ముక్కలను పారేయవద్దని నేను అందరినీ బతిమాలేది ఇందుకే.

మళ్ళీ కుట్టడం

లైనింగుకు రంగులేని మెత్తటి మల్లు గుడ్డ తీసుకుని, కోయకముందే వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టి ఉతికి ఆరవేశాను. నానకముందు గుర్తు పెట్టిన మీటరు కొలత దగ్గర నాలుగు సెంటీమీటర్లు తగ్గింది. నేతలోనూ ఫినిషింగులోనూ సాగదీసి ఉన్న నూలు మొదటిసారి నీళ్ళు తగిలినప్పుడు ఆ బిగువును వదులుతుంది. అది మన తొట్టిలో జరిగితే నష్టం లేదు, కుట్టిన తరువాత జరిగితే పరికిణీ మొత్తాన్ని లాగేస్తుంది. మొదటి దర్జీ ఈ ఒక్క పని చేసి ఉంటే ఈ కేసులో సగం నష్టం ఉండేది కాదు.

నడుం పట్టీని దట్టమైన నూలు గుడ్డతో చేసి, బరువంతా అదే మోసేలా చేశాను. పట్టు దానికి చేతికుట్టుతో మాత్రమే పట్టి ఉంటుంది. తుప్పు గీతను పట్టీ లోపలి మడతలోకి పంపి, వెనక మరొక నూలు పట్టీ వేశాను. లైనింగును అంచు దగ్గర పట్టుతో కలపలేదు. అది విడిగా వేలాడుతుంది, నడుం దగ్గర కూడా చిన్న హుక్కులతో తగిలించి ఉంటుంది గనుక పరికిణీని తడపకుండా లైనింగును మాత్రమే విప్పి ఉతుక్కోవచ్చు. చెమట పట్టేది లైనింగుకే కాబట్టి పట్టుకు నీళ్ళు తగిలే అవసరం చాలా అరుదు.

పక్క కుట్లకు అంగుళం మార్జిను వదిలి, కుట్టు వెంట సన్న నూలు నాడాను కూడా కలిపి, 9 నంబరు కొత్త సూదితో, సన్నటి నూలు దారంతో కుట్టాను. కుట్లు మరీ చిన్నవైతే ప్రతి రంధ్రమూ పోగులను తెంపే అవకాశం, మరీ పెద్దవైతే కుట్టు నోరు తెరుస్తుంది. అంగుళానికి పది కుట్లు ఈ బట్టకు సరిపోయాయి. ఇస్త్రీ లోపలివైపు నుంచి, పైన నూలు గుడ్డ వేసి, పట్టుకు సరిపడే తక్కువ వేడితో చేశాను. నీళ్ళు చల్లలేదు, ఎందుకంటే పట్టు మీద నీటి చుక్కలు ఆరిన చోట మచ్చలు మిగులుతాయి.

ఇచ్చేటప్పుడు చెప్పిన జాగ్రత్తలు, తరువాతి పరిస్థితి

కట్టుకుని విప్పిన వెంటనే మడత పెట్టకుండా నీడలో రెండు మూడు గంటలు గాలికి ఉంచమని, సెంటు చల్లుకునే పని పరికిణీ వేసుకోకముందే ముగించమని చెప్పాను. పెట్టడానికి ప్లాస్టిక్ కవరు వద్దు. మా వైపు వానాకాలపు తేమ అందులో చిక్కుకుని బూజు పడుతుంది. చాలాసార్లు ఉతికిన పాత నూలు ధోవతిలో చుట్టి, నాఫ్తలిన్ ఉండలు జరీకి తగలకుండా దూరంగా పెట్టి, మూడు నాలుగు నెలలకొకసారి మడతలు మార్చాలి. ఇనప పెట్టె తప్పదంటే అడుగున, పక్కల దట్టంగా నూలు గుడ్డ పరవాలి. హ్యాంగరుకు వేలాడదీయకూడదు, ఆ కుప్పడం గీతకు ఊరుకున్నప్పుడు కూడా బరువు వద్దు.

మాఘమాసంలో జరిగిన పెళ్ళిలో పిల్ల ఆ పరికిణీ కట్టుకుంది. తరువాత తెచ్చి చూపించినప్పుడు మరమ్మతు చేసిన చీలికలన్నీ గట్టిగానే ఉన్నాయి, పక్క కుట్లు కదలలేదు. నేను ముట్టుకోని ఒక చోట, పాత చీర మడత గీత మీద, వెంట్రుకంత కొత్త చీలిక మొదలైంది. దానికి వెనక పట్టు ముక్క ఆనించి అదే పద్ధతిలో పట్టించాను. ఇటువంటివి ఇంకా వస్తాయని ఆవిడకు చెప్పాను, ఆవిడ అందుకు సిద్ధంగానే ఉన్నారు. మిగిలిన పసుపు, ఎరుపు ముక్కలను చిన్న నూలు సంచిలో పెట్టి నడుం పట్టీ లోపల కుట్టాను. ఏ దారం వాడానో, లైనింగు ఎలా విప్పాలో, వెనిగరు ఎందుకు వాడకూడదో తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన గుడ్డ చీటీని ఆ సంచికే జత చేశాను, రేపు దీన్ని విప్పే దర్జీ ఏ భాష చదివినవారైనా అర్థం చేసుకోగలిగేలా.